ఉగాండా పిల్లల చదువుకి నెలనెలా డబ్బు: నేను వాడిన రెండు సర్వీసుల రివ్యూ

ఎయిర్ ఫ్రయ్యర్ కొంటే రివ్యూ రాస్తాం, రెస్టారెంట్‌లో సాంబారు పల్చగా ఉంటే దానికీ రాస్తాం, నెలనెలా కార్డులోంచి కట్ అయ్యే విరాళం గురించి మాత్రం ఎవరూ రాయరు. అడిగితే "పుణ్యానికి ఇచ్చినదానికి మళ్లీ లెక్కలేంటండీ" అంటారు. నాకు ఆ మాట అస్సలు నచ్చదు. డబ్బు తీసుకుని ఒక పని చేసిపెడతామన్నవాళ్లు ఎవరైనా సరే ఇచ్చేది సర్వీసే, ఆ పని జరిగిందా, ఎలా జరిగింది అని అడగడంలో తప్పేముంది?

నేనుండేది డెట్రాయిట్ పక్కన, కార్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాసే పని. ఉగాండా పల్లెల్లో అమ్మానాన్నలు పోయిన పిల్లల చదువుకి డబ్బు పంపే సర్వీసులు రెండు వాడాను. మొదటిది చాలా దేశాల్లో ఆఫీసులున్న పెద్ద సంస్థ, పేరు చెప్పను, చెప్తే కింద అందరూ దాని మీదే కొట్లాడుకుంటారు. రెండోది న్యాకా, నైరుతి ఉగాండాలో కనుంగు జిల్లాలో పుట్టింది. మొదటిదానికి రెండు స్టార్లు, న్యాకాకి నాలుగు. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగే అవుతుంది.

ముందు ఆ పెద్ద సంస్థ సంగతి. సైట్ తెరవగానే పిల్లల ఫొటోలు వరసగా వస్తాయి. దేశం, వయసు, ఆడా మగా, చివరికి పుట్టినరోజు ఏ నెలలో అన్నదానికి కూడా ఫిల్టర్ ఉంది. మీ అబ్బాయి పుట్టినరోజే ఉన్న పిల్లాడిని ఎంచుకోవచ్చన్నమాట. నాకు అక్కడే ఏదోలా అనిపించింది గానీ, మా ఆవిడ "సరేలెండి, ఎవరో ఒకరి చదువు సాగుతుంది కదా" అంది, ఒక పిల్లాడి పేరు మీద కట్టడం మొదలుపెట్టాం.

ఉత్తరాలు వచ్చేవి. గీతల కాగితం, పైన మూల మా డోనర్ నంబరు స్టాంపు, కింద ముందే అచ్చు వేసిన వాక్యాలు: నాకు ఇష్టమైన ఆట ఫలానా, ఇంట్లో నేను చేసే పని ఫలానా, పెద్దయ్యాక నేను ఫలానా అవుతాను. పిల్లాడు ఖాళీలు నింపాలి. ఒక ఉత్తరంలో ఇంట్లో చేసే పని దగ్గర మొదట ఏదో రాసి, దాన్ని పెన్నుతో నల్లగా కొట్టేసి, పైన వేరే చేతిరాతలో, పెద్దవాళ్ల రాత అది, తెలిసిపోతుంది, "నీళ్లు తెస్తాను" అని దిద్దారు. ట్యూబ్‌లైటుకి అడ్డం పెట్టి చూశాను, కొట్టేసిన మాట ఏమిటో కనపడలేదు. వాడు నిజంగా చేసే పని ఏదో ఆ నల్ల గీతల కింద ఉండిపోయింది. నాకు ఇప్పటికీ ఆ ఉత్తరాలన్నిటిలో చదవాలనిపించేది ఆ ఒక్క మాటే.

తర్వాత ఒకరోజు ఈమెయిల్. మీరు సాయం చేస్తున్న పిల్లాడు మా ప్రోగ్రాం ప్రాంతం నుంచి వెళ్లిపోయాడు, మీకు ఇబ్బంది లేకుండా మరో చిన్నారిని కేటాయించాం అని, కింద కొత్త ఫొటో. కార్డు చార్జీ మాత్రం ఒక్క నెల కూడా ఆగలేదు. ఫోన్ చేసి "ఎక్కడికి వెళ్లాడండీ, బడి మానేశాడా, ఇంకో ఊళ్లో చదువుతున్నాడా?" అని అడిగితే, ఆ సమాచారం మేము ఇవ్వలేమన్నారు. పిల్లల వివరాలు బయటపెట్టకూడదు, అది న్యాయమే, ఒప్పుకుంటా. కానీ అదే కాల్‌లో, అదే గొంతుతో, నెలకి ఇంకొంచెం పెంచుతారా అని అడిగారు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండింది. ఒప్పందంలో చిన్నక్షరాల్లో ఇంకో మాట ఉంటుంది: మీ డబ్బు నేరుగా ఆ పిల్లాడి చేతికి వెళ్లదు, ఆ ప్రాంతంలో జరిగే పనులన్నిటికీ కలిపి వాడతాం అని. అది మంచి పద్ధతే నిజానికి. మరి అలాంటప్పుడు "ఈ పిల్లాడు మీ కోసం ఎదురుచూస్తున్నాడు" అని ఫొటో ఎందుకు పెట్టడం?

స్పాన్సర్‌షిప్ అంతా బూటకం అని నేననడం లేదు. 2013లో ముగ్గురు ఆర్థికవేత్తలు, బ్రూస్ వైడిక్, పాల్ గ్లెవీ, లైన్ రట్లెడ్జ్, కంపాషన్ ఇంటర్నేషనల్ అనే సంస్థ దగ్గర చిన్నప్పుడు స్పాన్సర్‌షిప్ అందుకుని పెద్దవాళ్లయినవాళ్ల మీద పరిశోధన అచ్చు వేశారు (నేను కట్టింది ఆ సంస్థకి కాదు). ఉగాండా, కెన్యా, ఇండియాతో కలిపి ఆరు దేశాలు. స్పాన్సర్‌షిప్ అందినవాళ్లు సగటున ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఎక్కువ చదివారని తేలింది. ఇది చిన్న విషయం కాదు, బడి కట్టించినా పుస్తకాలు పంచినా అంత తేడా రాని సందర్భాలు బోలెడున్నాయి. కాబట్టి పద్ధతి పనిచేస్తుంది. నాకు గిట్టనిది దాన్ని మనకి అమ్మే తీరు.

ఇక్కడ అనాథ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మన డబ్బంతా ఆ మాట చూసే కదులుతుంది. యునిసెఫ్ లెక్కలో తల్లీ తండ్రుల్లో ఒక్కరు పోయినా ఆ పిల్లని అనాథ కిందే రాస్తారు. అంటే అమ్మ బతికే ఉండి, కూలికి వెళ్లి సాకుతున్న పిల్ల కూడా ఆ లెక్కలో ఉంటుంది. ఇద్దరూ పోయినా తాతయ్యో నానమ్మో పిన్నో ఎవరో ఒకరు ఉంటారు. ప్రపంచం మొత్తం మీద అనాథాశ్రమాల్లో ఉండే పిల్లల్లో ప్రతి ఐదుగురిలో నలుగురికి కనీసం ఒకరైనా, అమ్మో నాన్నో, బతికే ఉన్నారని సేవ్ ద చిల్డ్రన్ 2009లో చెప్పింది. మరి ఆశ్రమంలో ఎందుకున్నారు? అక్కడైతే తిండీ బడీ ఉన్నాయి, ఇంటి దగ్గర లేవు. విదేశీ డబ్బు ఆశ్రమానికి వస్తోంది గనక పిల్లలూ అక్కడికే చేరతారు. ఆఫ్రికాలో కొన్నిచోట్ల ఇది వ్యాపారమే అయిపోయింది, వాలంటీర్లు వెళ్లి వారం ఉండి, పిల్లల్ని ఎత్తుకుని ఫొటోలు దిగి వస్తారు. 2018లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఇలా డబ్బు కోసం పిల్లల్ని ఆశ్రమాలకి తరలించడాన్ని ఆధునిక బానిసత్వంలో ఒక రూపంగా గుర్తించింది. మనం కూడా పుట్టినరోజుకి ఆశ్రమంలో భోజనాలు పెట్టి, పిల్లల్ని వరసగా నిలబెట్టి హ్యాపీ బర్త్‌డే పాడించి, స్టేటస్ పెట్టుకునే జనమే, ఆ వారం రోజుల వాలంటీర్లని చూసి నవ్వక్కర్లేదు.

అందుకే నా ప్రశ్న మారింది. పిల్లాడు ఎవరి ఇంట్లో ఉంటున్నాడు, ఆ ఇంటికి ఏం అందుతోంది? ఏ సంస్థ పేరు వినపడినా ముందు ఇదే అడుగుతున్నాను.

ఉగాండాలో ప్రైమరీ చదువు ఉచితమే కదా, మళ్లీ డబ్బులెందుకు అని అడిగేవాళ్లుంటారు. 1997లో అందరికీ ఉచిత ప్రైమరీ విద్య అని ప్రకటించారు, ఒక్క ఏడాదిలో బళ్లలో పిల్లలు దాదాపు 30 లక్షల నుంచి 50 లక్షలు దాటారు. గదులూ టీచర్లూ ఆ వేగంతో పెరగలేదు. ఇక ఉచితం అన్నది ఎంతవరకో మా పెద్దమ్మ కొడుకు చూపించాడు. అన్నయ్య ఉగాండా రాజధాని కంపాలాలో మందుల కంపెనీలో అకౌంట్స్ చూస్తాడు, వాళ్ల గేటు దగ్గర కాపలా ఉండే అతనిది కనుంగు వైపు పల్లె. చనిపోయిన తమ్ముడి కూతురు అక్కడ నానమ్మ దగ్గర పెరుగుతోంది. టర్మ్ మొదలయ్యే ముందు అతను అడ్వాన్స్ అడిగితే ఎందుకని అన్నయ్య ఆరా తీశాడు, అతను జేబులోంచి బడివాళ్లిచ్చిన కాగితం తీశాడు. అన్నయ్య దాన్ని ఫొటో తీసి నాకు వాట్సాప్ చేశాడు. "ఒరే, ఉచితం అంటే ఇదిరా" అని రాశాడు కింద.

ఆ కాగితంలో: నోటు పుస్తకాలు డజను, పెన్నులు, తెల్లకాగితాల రీము ఒకటి, టాయిలెట్ పేపర్ చుట్టలు, నీళ్ల జెర్రీక్యాన్, చీపుళ్లు రెండు, ఒకటి గది ఊడవడానికి మెత్తనిది, ఇంకోటి బయట ఆవరణ ఊడవడానికి పుల్లలది. దాని కింద మధ్యాహ్నం గంజికి ఇంత, పరీక్షలకి ఇంత. అన్నిటికంటే కింద గీత గీసి, ఇవి లేకుండా వచ్చినవాళ్లని వెనక్కి పంపుతాం అని. ఫీజు అన్న మాట ఎక్కడా లేదు! యూనిఫాం, బూట్లు ఈ జాబితాకి బయట. మన దగ్గర సర్కారు బడికి వెళ్తే పుస్తకాలిస్తారు, మధ్యాహ్నం అన్నం పెడతారు, దానిలో ఎన్ని లోపాలున్నా అది ఉందిలే అనే ధీమా ఉంటుంది. ఉగాండాలో మధ్యాహ్నం తిండి పెట్టాల్సిన బాధ్యతని 2008 విద్యాచట్టంలోనే తల్లిదండ్రుల మీద పెట్టారు. తల్లిదండ్రులు లేని పిల్లకి ఆ బాధ్యత ఎవరిది? అరటితోటలో పనిచేసుకునే ముసలావిడది.

ఇప్పుడు న్యాకా. కథ క్లుప్తంగా: ట్వెసిగ్యె జాక్సన్ కగురి అనే ఆయన కనుంగు జిల్లాలోని న్యాకగ్యెజి పల్లెలో పుట్టి, కంపాలాలో మకెరెరె యూనివర్సిటీలో చదివి, అమెరికా వచ్చారు. 1996లో ఆయన అన్న ఎయిడ్స్‌తో చనిపోయారు, ముగ్గురు పిల్లలు. సుమారు ఏడాదికి అక్క కూడా పోయారు, ఒక బాబు. ఊరికి వెళ్తే అదే పరిస్థితిలో ఉన్న ఇళ్లు ఇంకెన్నో. ఆయనా ఆయన భార్యా ఇంటి డౌన్ పేమెంట్ కోసం దాచుకున్న 5,000 డాలర్లతో 2001లో సంస్థ మొదలుపెట్టారు, 2003లో బడి తెరిచారు. తర్వాత పక్క జిల్లా రుకుంగిరిలో కుటాంబా అనే రెండో ప్రైమరీ బడి, ఆపైన సెకండరీ, ఒక క్లినిక్, లైబ్రరీ, ఊరికి నీళ్ల పథకం, ఇలా పెరిగింది. అమెరికా వైపు పని మా మిషిగన్‌లోనే, ఈస్ట్ లాన్సింగ్ నుంచి నడిచింది, నాకు తెలిసింది కూడా ఆఫీసులో ఒకావిడ చెప్తేనే.

పిల్లలకి ఫీజు లేదు, యూనిఫాం, పుస్తకాలు, తిండి, వైద్యం బడి చూసుకుంటుంది. పైన చెప్పిన కాగితంలో ఉన్నవన్నీ బడి నెత్తినే అన్నమాట. ఇంతవరకు చాలా సంస్థలు చేసేదే. న్యాకాకి నేను నాలుగో స్టార్ ఇచ్చింది నానమ్మలూ అమ్మమ్మల వల్ల. పిల్లల్ని ఆశ్రమంలో పెట్టరు, ఎవరింట్లో ఉన్నారో అక్కడే ఉంటారు, ఆ ఇంటి పెద్దావిడ చేయి పట్టుకుంటారు. ముసలావిడలంతా గుంపులుగా చేరతారు, తమలోంచే నాయకురాళ్లని ఎన్నుకుంటారు, చిన్న అప్పులు తీసుకుంటారు, తిప్పి కడతారు. మన డ్వాక్రా సంఘాలు చూసినవాళ్లకి ఇది వివరించక్కర్లేదు. ఎవరికి ఇల్లు కట్టాలి, ఎవరికి మరుగుదొడ్డి, ఎవరికి పొగ రాని వంటగది అన్నది ఆ సంఘంలోని ఆడవాళ్లే తేలుస్తారు, అమెరికాలో కూర్చున్న నాలాంటివాడు ఫొటో చూసి కాదు. ఏ ఇంటి పైకప్పు కారుతుందో ఆ ఊరి ఆడవాళ్ల కంటే ఎవరికి తెలుస్తుంది చెప్పండి! కొడుకులనీ కూతుళ్లనీ వరసగా పాతిపెట్టుకుని, అరవై దాటాక మళ్లీ మొదట్నించీ నలుగురైదుగురు పిల్లల్ని పెంచడం మొదలుపెట్టినవాళ్లు వీళ్లు. వేలల్లో ఉన్నారు ఈ సంఘాల్లో.

కోవిడ్ అప్పుడు దీని విలువ తెలిసింది. ఉగాండాలో 2020 మార్చిలో మూసిన బళ్లు పూర్తిగా తెరుచుకున్నది 2022 జనవరిలో, దాదాపు రెండేళ్లు, ప్రపంచంలో అంత కాలం బళ్లు మూసిన దేశం ఇంకోటి లేదంటారు. బడి తలుపు మీదే ఆధారపడ్డ సాయం ఏదైనా ఆ రెండేళ్లూ ఆగిపోవాల్సిందే. ఇంటి వైపు నుంచి వెళ్లే సాయానికి ఆ ఇబ్బంది తక్కువ.

మరి ఐదో స్టార్ ఎందుకు ఇవ్వలేదు? ఇలాంటి బడి మంచిదయ్యేకొద్దీ, బయట ఉన్న సర్కారు బడికీ దీనికీ దూరం పెరుగుతుంది. గేటు లోపల పిల్లకి రెండు పూటలా తిండి, గేటు బయట, అమ్మానాన్నా ఉన్నా అంతే పేదరికంలో ఉన్న పిల్లకి రెండు చీపుళ్ల జాబితా. ఎయిడ్స్ వల్ల పోయారా, మలేరియా వల్ల పోయారా, అసలు పోలేదా అన్నది కడుపుకి తెలియదు కదా. నీళ్ల పథకం, క్లినిక్ ఊరందరివీ అయ్యాయి, బడి మాత్రం అందరిదీ కాలేదు. ఇది న్యాకా ఒక్కదాని లోపం కాదు, ఏ స్వచ్ఛంద బడికైనా ఉండే చిక్కే. ఇంకోటి, సంస్థ కథంతా ఒక మనిషి చుట్టూ తిరుగుతుంది. ఆయన కథ గొప్పదే, సీఎన్ఎన్ 2012లో హీరో అని గుర్తించింది కూడా, కానీ వ్యవస్థాపకుడి కథ మీద వచ్చే డబ్బు ఆ మనిషి వెనక్కి తగ్గాక కూడా అలాగే వస్తుందా అన్నది దాతలు అడగాల్సిన ప్రశ్న. పైగా 2025లో అమెరికా ప్రభుత్వం తన విదేశీ సాయం సంస్థ యూఎస్ఎయిడ్‌ని మూసేశాక ఉగాండాలో హెచ్ఐవీ మందుల దగ్గర్నించి చాలావాటికి దెబ్బ తగిలింది. ఆ లోటంతా చిన్న సంస్థలు పూడుస్తాయనుకోవడం అత్యాశ.

"నూటికి నూరు శాతం డబ్బు పిల్లలకే" అని ఎవరైనా పోస్టర్ వేస్తే నాకు వెంటనే అనుమానం వస్తుంది. టీచరుకి జీతం ఎవరిస్తారు? లెక్కలు రాసే గుమస్తాకి? ఆ కొండల్లో మట్టిరోడ్డు మీద తిరిగే బండికి డీజిల్? జీతాలు లేకుండా నడిచే బడిలో చదువు కూడా ఉండదు. అమెరికాలో రిజిస్టరైన ఏ సేవా సంస్థ అయినా ఫారం 990 అనే లెక్కల పత్రం ఏటా పన్నుల శాఖకి ఇవ్వాలి, చర్చిల్లాంటి కొన్నిటికే మినహాయింపు. ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ సైట్‌లో వాటిని ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. పెద్ద ఉద్యోగుల జీతాలు, విరాళాలు పోగుచేయడానికి పెట్టిన ఖర్చు, కార్యక్రమాలకి పెట్టిన ఖర్చు అన్నీ ఉంటాయి. పది నిమిషాల పని. ఎంతమంది పిల్లలు చేరారు అన్నదాని కంటే, ఎంతమంది ఏడో తరగతి చివర వచ్చే పీఎల్ఈ పరీక్ష దాకా నిలబడ్డారు అని ఈమెయిల్ పెట్టి అడగండి. జవాబు చెప్పే తీరులోనే సంస్థ ఎలాంటిదో సగం తెలిసిపోతుంది.

ఇక డబ్బు కట్టే సంగతి. నేను ఏ పిల్లాడి పేరు మీదా కట్టను, ఎక్కడ అవసరమైతే అక్కడ వాడుకోండి అని ఇస్తాను. అమెరికాలో ఉద్యోగం చేసేవాళ్లయితే ముందు మీ కంపెనీ మ్యాచింగ్ ఉందేమో చూడండి, మన తెలుగువాళ్లలో సగం మంది ఆ పోర్టల్ ఒక్కసారి కూడా తెరవరు, మీరు పెట్టినంత కంపెనీ కూడా పెడుతుందంటే వదులుకోవడం ఏమిటి? పన్ను విషయానికొస్తే స్టాండర్డ్ డిడక్షన్ (విడివిడి ఖర్చులు చూపకుండా తీసుకునే స్థిర మినహాయింపు) తీసుకునేవాళ్లకి ఇన్నాళ్లూ, 2020, 2021ల్లో ఇచ్చిన కొద్దిపాటి మినహాయింపు తప్ప, విరాళం మీద ఏమీ వచ్చేది కాదు, 2026 నుంచి ఒక్కరికి 1,000 డాలర్లు, భార్యాభర్తలు కలిపి ఫైల్ చేస్తే 2,000 దాకా పన్ను లెక్కగట్టే ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. ఇండియా నుంచి అయితే విదేశాలకి డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంక్ పెట్టిన ఎల్ఆర్ఎస్ పథకం పరిమితిలో, అంటే ఏడాదికి 2,50,000 డాలర్ల లోపు, విదేశీ సంస్థకి విరాళం పంపొచ్చు గానీ విరాళం మీద పన్ను మినహాయింపు (80జీ) రాదు, అది ఇండియాలో నమోదైన సంస్థలకే. బ్యాంకు చార్జీలు కూడా చిన్న మొత్తాల్ని తినేస్తాయి, నెలనెలా కాకుండా ఏడాదికి ఒకసారి పంపడం నయం.

ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది కాబట్టి ముందే చెప్తున్నా: మా పిల్లల పాత బట్టలు, బ్యాగులు పంపొచ్చా అని. వద్దు. అమెరికా, యూరప్ వదిలేసిన పాత బట్టలు కంటైనర్లకి కంటైనర్లు ఇప్పటికే కంపాలా ఓవినో మార్కెట్‌లో గుట్టలుగా పడి ఉన్నాయి, అక్కడ వాటిని మివుంబా అంటారు, వాటి దెబ్బకి స్థానిక బట్టల పరిశ్రమ కుదేలైందని ఉగాండావాళ్లే మొత్తుకుంటున్నారు. ఓడ ఖర్చు, కస్టమ్స్, మళ్లీ కంపాలా నుంచి కనుంగు దాకా 400 కిలోమీటర్ల పైచిలుకు లారీ కిరాయి. అన్నయ్య ఒకసారి మా కోసం లెక్కగట్టి చూసి, "ఆ డబ్బేదో పంపేయ్, ఆ ఊళ్లో కుట్టుమిషను ఉన్నావిడ దగ్గర యూనిఫాంలు కుట్టిస్తారు, ఆవిడకీ పని దొరుకుతుంది" అన్నాడు. బ్యాగులు గరాజ్‌లోనే ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే మా ఊరు నోవై వచ్చి పట్టుకెళ్లండి.